బుడాపెస్ట్ మీదుగా చలివేంద్రానికి

సున్నంపాడులో చలి అనేది విడిగా కనిపించదు. మరో మాటను ఆనుకొని మాత్రమే బతుకుతుంది. సీమంతాలకు చలిమిడి చేస్తారు. వానలు పడ్డాక చలిజ్వరం వస్తుంది. బెల్లం డబ్బాకు చలిచీమలు పడతాయి. వేసవిలో దారిన పోయేవారికి కుండనీళ్ళు పోసే తాటాకు పందిరిని చలివేంద్రం అంటారు. చలి మాత్రం లేదు. మాది నాపరాళ్ళ ఊరు. ఇక్కడి రాయి పగలంతా ఎండను తాగి రాత్రంతా కక్కుతుంది. జనవరిలో ఫ్యాను ఆపి పడుకున్నవాడిని చుట్టాలు వచ్చి పరామర్శిస్తారు.

అటువంటి ఊరి పురపాలక సంఘంలో నేను పౌరసంబంధాల అధికారిని. పౌరులకూ సంఘానికీ సంబంధం లేకుండా చూడటం నా ఉద్యోగమని కొందరంటారు. తీరిక దొరికినప్పుడు తత్త్వగ్రంథాలు చదువుకుంటాను. తీరిక బాగానే దొరుకుతుంది.

ఒక ఫిబ్రవరి చివర సైదాబీ అనే ఆమె ఒక అర్జీ ఇచ్చింది. అంతకు ముందు వేసవిలో ఆమె భర్త మౌలాలి బస్టాండులో సిమెంటు బస్తా మోస్తూ పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. ఆయన పడిన చోట కుళాయి ఉంది. కుళాయిలో నీళ్ళు లేవు. ఇప్పుడు అదే బస్టాండులో అదే బరువులు వారి కొడుకు ఖాసిం మోస్తున్నాడు. సైదాబీ మమ్మల్ని నీళ్ళు అడగలేదు, కుండలు అడగలేదు, తాటాకు అడగలేదు. అవన్నీ తానే తెచ్చుకుంటానంది. ఆ కుళాయి పక్కన నాలుగు గుంజలు పాతుకొని, ఎండలు ముదరకముందే చలివేంద్రం పెట్టుకోవడానికి అనుమతి మాత్రం అడిగింది.

ఆ ఏడాదే పైనుంచి మూలస్థాన అధ్యయన నియమం వచ్చింది. ఏ పౌర సదుపాయాన్నైనా ప్రవేశపెట్టే ముందు, దాని ప్రధానాంశం ప్రపంచంలో ఎక్కడ సహజంగా, సమృద్ధిగా లభిస్తుందో అక్కడికి ఒక బృందం వెళ్ళి, స్వయంగా అనుభవించి రావాలని ఆ నియమం. చెడ్డ నియమం కాదు. తెలియకుండా చేయరాదన్నది జ్ఞానమార్గంలో మొదటి మెట్టు. దోమల నివారణ కోసం ఒక పొరుగు సంఘం వారు దోమలు లేని దేశానికి వెళ్ళి, అక్కడ దోమలు లేకపోవడాన్ని కొన్ని రోజులు నిశితంగా పరిశీలించి వచ్చారు. దోమలు ఇక్కడే ఉన్నాయి కనుక ఆ పర్యటన వాటిని ఏమాత్రం ఇబ్బంది పెట్టలేదు.

అర్జీని కంప్యూటరులో ఎక్కించిన గుమాస్తాకు ‘వేంద్రం’ అనే మాట దగ్గర అనుమానం వచ్చింది. విడిగా అటువంటి మాట ఎక్కడా కనిపించలేదు. అది ‘కేంద్రం’ అనబోయి జరిగిన అచ్చుతప్పు అని గ్రహించి, సౌజన్యంతో దిద్దాడు. సదుపాయం: చలి కేంద్రం. ప్రధానాంశం: చలి. చలి సహజంగా, సమృద్ధిగా లభించు స్థలం అన్న గడి ఖాళీగా ఉండటంతో అది కమిషనరు గారి బల్ల మీదికి చేరింది.

నేను వెళ్ళి విన్నవించాను. “సర్, ఇది మంచినీళ్ళ పందిరి.”

కమిషనరు పుండరీకాక్షుడు గారు కళ్ళజోడు తీసి నా వైపు జాలిగా చూశారు.

“నాకు తెలియదనుకున్నారా? మా అమ్మమ్మ ఏటా పెట్టించేది. మజ్జిగలో అల్లం దంచి వేయించేది, కరివేపాకు నలిపి వేయించేది. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. కానీ మీరొక సూక్ష్మం గమనించాలి. ఈ ఫైలులో ఉన్నది మా అమ్మమ్మ పందిరి కాదు. ఫైలులో ఉన్నది చలి కేంద్రం. ఈ కుర్చీలో కూర్చున్నది మా అమ్మమ్మ మనవడు కాడు.”

“దిద్దుకోవచ్చు కదా సర్. ఒక్క అక్షరం.”

“దిద్దితే, ముందు తప్పు జరిగినట్టు అంగీకరించాలి. తప్పు జరిగితే బాధ్యుడుండాలి. ఒక్క అక్షరం కోసం ఒక కుటుంబాన్ని రోడ్డున పడేయమంటారా?”

పేరుకూ వస్తువుకూ గల సంబంధం గురించి నేను చాలా ఏళ్ళు చదివాను. పేరు వస్తువును చూపుతుందని కొందరు, కప్పిపుచ్చుతుందని కొందరు. పేరు వస్తువును వేరే దేశానికి బదిలీ చేయగలదని మాత్రం ఎవరూ రాయలేదు.

అధ్యయన పర్యటన రూపకల్పనా సంఘం ఏర్పడింది. దానికి నన్ను కన్వీనరుగా వేశారు. కార్యాలయంలో స్వెట్టరు ఉన్న ఏకైక ఉద్యోగిని నేనే అని ఎవరో పైకి నివేదించారట.

తొలి సమావేశానికి కమిషనరు గారు, ఇంజనీరు ఫణికుమార్, సాంబిరెడ్డి గారు వచ్చారు. సాంబిరెడ్డి గారు చైర్‌పర్సన్ అంజనాదేవి గారి భర్త. ఆమె ఎన్నికల్లో గెలిచారు. మిగతా పనులన్నీ ఆయన చూసుకుంటారు.

“చలే కదా సార్, ఊటీ వెళ్ళొస్తే సరిపోదా?” అన్నాడు ఫణికుమార్. కొత్తగా పెళ్ళయినవాడు.

“ఊటీ విహారం. ఇది అధ్యయనం,” అన్నారు కమిషనరు గారు. “విహారానికి కొండ చాలు. అధ్యయనానికి రాజధాని కావాలి. కొండ మీది చలి అసంఘటిత రంగంలోనిది. ఎవరి నియంత్రణలోనూ ఉండదు. రాజధానిలోని చలి పరిపాలనకు లోబడి ఉంటుంది. మనం నేర్చుకోవలసింది పరిపాలితమైన చలిని.”

ఐరోపా రాజధానులు చర్చకు వచ్చాయి. వియన్నా అన్నాను నేను.

“ఆడికి పక్క మునిసిపాలిటీవాళ్ళు పోయొచ్చారయ్యా,” అన్నారు సాంబిరెడ్డి గారు. “వాళ్ళు పోయినకాడికే మనం పోతే ఇంట్లో ఏమంటది?” అంజనాదేవి గారు సంఘ వ్యవహారాల్లో అభిప్రాయం ప్రకటించిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

“ప్రాగ్, సర్?”

“పేరు నోరు తిరగదు. ప్రెస్సోళ్ళకి చెప్పేటప్పుడు ఇబ్బంది.”

“బుడాపెస్ట్.”

ఆయన ముఖం వికసించింది. “అది రెండూళ్ళంటగా? నదికి ఈ పక్క బుడా, ఆ పక్క పెస్టు. ఒక్క టిక్కెట్టుకి రెండూళ్ళు. ఏమయ్యా ఇంజనీరూ, పెస్టంటే ఏంది?”

“ఇంగ్లీషులో అయితే తెగులు సార్. పురుగు.”

“పత్తి చేలో పెస్టుకి మందు కొట్టీ కొట్టీ సగం జీవితం పోయింది. దాని పేరు మీద ఊరే కట్టారంటే చూసి రావాల్సిందే.”

బుడాపెస్ట్ ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ప్రయాణం ఎప్పుడన్న ప్రశ్న వచ్చింది. చలి ఎప్పుడు పరిపక్వంగా ఉంటుందో అప్పుడే, అంటే డిసెంబరులో, అన్నారు కమిషనరు గారు. సైదాబీ అర్జీ ఎండాకాలం గురించని నేను గుర్తుచేశాను.

“ఎండాకాలంలో చలి కేంద్రం తెరవడంలో ఉన్న తొందరపాటు మీకు కనిపించడం లేదా?” అన్నారాయన. అధ్యయనం ముగిసేవరకు పట్టణంలో ఎవరూ ఆ పేరుతో గాని, ఆ స్వభావంతో గాని ఏ ఏర్పాటూ చేయరాదని అక్కడికక్కడే ఉత్తర్వు రాయించారు.

సైదాబీకి ఈ సంగతి చెప్పడం పౌరసంబంధం కనుక నా వంతుకు వచ్చింది. ఆమె వరండాలో గోడకు ఆనుకొని నిలబడి ఉంది.

“డిసెంబరు తర్వాత చూస్తారమ్మా.”

“డిసెంబర్లో దప్పికెవరికి సారూ?”

చలి కేంద్రం సంగతి, బుడాపెస్ట్ సంగతి వివరంగా చెప్పాను. ఆమె అంతా విని, కొంగుతో మెడ తుడుచుకుంది.

“అయితే ఆ మాటే తీసెయ్యండి సారూ. చలితో నాకేం పని? దాహం అని రాయండి.”

అది నాకు సమంజసంగా తోచింది. లోపలికి వెళ్ళి చెప్పాను. కమిషనరు గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచించరని నేనెప్పుడూ అనలేదు.

“దాహానికి పద్దు లేదు,” అన్నారు చివరికి. “దాహం వ్యక్తిగతం. ఎవరి దాహం వారిది. చలి సామూహికం. ప్రభుత్వం సామూహికాన్ని మాత్రమే పట్టించుకోగలదు.”

ఈ మాట బయటికి వచ్చి యథాతథంగా చెప్పాను. సైదాబీ నా ముఖం వైపు చూసింది.

“మీరేం చేస్తార్లే సారూ. మీరూ మోసేవాళ్ళేగా. మావాడు బస్తాలు మోస్తాడు, మీరు మాటలు మోస్తన్నారు.”

మార్చి నెలలో ఆమె అనుమతి లేకుండానే కుళాయి పక్కన నాలుగు కుండలు పెట్టింది. వాటికి తడిగుడ్డలు చుట్టి, ఇంటి దగ్గరినుంచి బిందెలతో నీళ్ళు తెచ్చి పోసింది. రెండో రోజే పారిశుద్ధ్య విభాగం వారు ట్రాక్టరుతో వెళ్ళి కుండలను స్వాధీనం చేసుకున్నారు. అనధికారికంగా చల్లదనం కలిగించినట్టు నోటీసులో రాశారు. కుండలను మా కార్యాలయం వరండాలో ఇసుక పోసి నిలబెట్టారు. మంచి మట్టి. ఆ వేసవంతా సిబ్బందిమంతా వాటిలో నీళ్ళే తాగాము. నేనూ తాగాను. చల్లగా ఉండేవి.

ఏప్రిల్, మే నెలల్లో పర్యటన రూపకల్పన ముమ్మరంగా సాగింది. ఐరోపాలో నాలుగు రోజులు గడపడానికి ఇంత ఆలోచించాలా అని లోకం అనుకుంటుంది. ఆనందాన్ని అధ్యయనంగా మార్చడం తేలిక కాదని లోకానికి తెలియదు. డాన్యూబ్ నదిలో సాయంత్రపు పడవ షికారు ఉంది. దానిని ‘నదీజలాల ఉపరితల పరిశీలన’ అన్నాను. క్రిస్మస్ సంతలో కట్టె బడులు వరసగా ఉంటాయి. ‘తాత్కాలిక పందిళ్ళ నిర్మాణ విధానం’. అక్కడ ఆరుబయట పెద్ద వేడినీటి కొలనులున్నాయి. మంచు కురుస్తుండగా జనం మెడలోతు నీళ్ళలో కూర్చొని చదరంగం ఆడతారు. దానికి ‘ప్రతికూల వాతావరణంలో ప్రజా నీటి వినియోగం’ అని పేరు పెట్టినప్పుడు కమిషనరు గారు కుర్చీలోంచి లేచి నా చేయి పట్టుకున్నారు. బుడా కొండ మీది కోట దగ్గర మాత్రం ఒకరోజంతా తడబడ్డాను. చివరికి ‘ఎత్తుకూ చలికీ గల అనులోమ సంబంధం’ కుదిరింది. ఏ మాటతో ఏ వస్తువునైనా కప్పగలనన్న నమ్మకం ఆ రోజుల్లో నాకు కలిగింది. ఆ నమ్మకం సంతోషంలాగే ఉండేది.

సమస్యలు లేకపోలేదు. ఆ రాజధానిలో డిసెంబరులో పొద్దు నాలుగింటికే కుంకుతుందని తెలిసి ఆడిట్ వారు అభ్యంతరం పెట్టారు: దినభత్యం దినానికి చెల్లించేది, అక్కడి దినం మన దినంలో మూడింట రెండు వంతులు కనుక భత్యం కూడా అంతే. దీనిమీద ఆరు వారాలు ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి. రాత్రి కూడా దినంలో భాగమేనని ఒక జ్యోతిష్కుని చేత ధ్రువపత్రం రాయించి నెగ్గాము.

సాంబిరెడ్డి గారి బెంగ వేరు. “గోంగూర పచ్చడి ఆ చలికి గడ్డ కట్టుద్దా కట్టదా? ముందు అది తేల్చండి.”

ప్రశ్నను సాంకేతిక అభిప్రాయం కోసం ఇంజనీరుకు పంపాము. నూనె శాతాన్ని బట్టి ఉంటుందని ఫణికుమార్ రాశాడు. నూనె శాతం తెలియజేయవలసిందిగా అంజనాదేవి గారికి అధికారికంగా లేఖ వెళ్ళింది. కళ్ళతో చూసి పోస్తానని ఆమె జవాబు ఇచ్చారు. ‘కళ్ళతో’ అన్న కొలమానాన్ని ఫైలు అంగీకరించలేదు.

తరువాత కమిషనరు గారికి మరో ఆలోచన వచ్చింది. చలి ఎరుగని శరీరాలను ఒక్కసారిగా చలిలోకి తీసుకెళ్ళడం బాధ్యతారాహిత్యం. శీత సంసిద్ధతా శిక్షణ అవసరం. ఊరికి ఉన్న ఒకే ఒక్క ఐసు ఫ్యాక్టరీని సంఘం అవసరాలకు తీసుకున్నాము. సోడా బళ్ళకు ఐసు ఆగిపోయింది. చేపల బజారు ఉదయం తొమ్మిదికే కంపు కొట్టేది. పెద్దాసుపత్రి మార్చురీ వారు ఫోను చేసి నసిగారు. ఇది తాత్కాలిక త్యాగమని పత్రికా ప్రకటన ఇచ్చాను.

మే రెండో వారంలో, బయట రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటున్న వేళ, మేము ఫ్యాక్టరీ లోపల ఐసు దిమ్మల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసుకొని, కోతి టోపీలు పెట్టుకొని, మూడో రోజు కార్యక్రమం చర్చిస్తున్నాము. సాంబిరెడ్డి గారు కొత్తగా తెప్పించిన ఉన్ని లోదుస్తుల మీద పంచె కట్టుకొని ఉన్నారు. ఆ ఊళ్ళో చక్కెర అద్ది నిప్పుల మీద కాల్చే గొట్టం ఆకారపు రొట్టె ఒకటి అమ్ముతారట. దానిని ఏ శీర్షిక కింద తినాలన్నది చర్చ.

తలుపు తెరుచుకుంది. సైదాబీ గడప మీద నిలబడింది. లోపలి చల్లదనం పొగలా ఆమె మీదుగా బయటికి పోతోంది. ఆమె ఒక క్షణం కళ్ళు మూసుకుంది. అలా నిలబడింది, అంతే.

“తలుపెయ్యమ్మా, చలి పోతంది,” అన్నారు సాంబిరెడ్డి గారు.

ఆమె లోపలికి వచ్చి తలుపు వేసింది. నా వైపు తిరిగింది.

“మావాడు నిన్న కళ్ళు తిరిగి పడ్డాడు సారూ. వాళ్ళ నాయన పడ్డకాడే. లేచాడులే. ఇయ్యాల మళ్ళీ పనికి పోయాడు, చెప్పినా వినడు. కేంద్రం మీరు ఎప్పుడన్నా పెట్టుకోండి. నా కుండలు నాకిప్పించండి.”

కమిషనరు గారు ఆమెను ఆదరంగా చూశారు. “అమ్మా, మేము ఇక్కడ ఇంత చలిలో ఎవరికోసం కూర్చున్నామనుకుంటున్నావు? నీలాంటివారి కోసమే.”

సైదాబీ ఐసు దిమ్మలను, టోపీలను, ఉన్ని దుస్తుల మీది పంచెను వరసగా చూసింది.

“కూర్చోండి బాబూ. జలుబు చేసిద్ది, చెవుల్లో దూది పెట్టుకోండి.”

ఆమె వెళ్ళాక కమిషనరు గారు, లబ్ధిదారుల ప్రతినిధితో సంప్రదింపులు సుహృద్భావ వాతావరణంలో జరిగినట్టు నమోదు చేయమన్నారు. ఫణికుమార్ చెవులు తడుముకున్నాడు. మరుసటి సమావేశానికి అందరూ దూదితో వచ్చారు.

ఖాసిం ఆ వేసవి ఎలాగో దాటాడు. డిసెంబరులో మేము వెళ్ళాము.

ప్రయాణం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. రూపకల్పన సమగ్రంగా ఉండటం వల్ల వెళ్ళడం దాదాపు అనవసరమైపోయింది. నదీజలాల ఉపరితలాన్ని పరిశీలించాము. వేడినీటి కొలనులో మెడలోతున కూర్చొని సాంబిరెడ్డి గారు, “ఇది మన మే నెలేగదయ్యా. దీనికింత దూరం రావాలా?” అన్నారు. ఆ పర్యటనలో వెలువడిన ఏకైక పరిశోధన ఫలితం అదే అయినా నివేదికలో చేర్చలేదు. గోంగూర గడ్డ కట్టలేదు.

మూడో రోజు సాయంత్రం పెస్టు వైపు దారి తప్పాము. ఒక సందు చివర గుడారం, దాని ముందు మనుషుల వరస కనిపించాయి. చిరిగిన కోట్లు, చేతులకు చుట్టుకున్న గుడ్డలు. గుడారం లోపల ఒక ఇనప పొయ్యి, కంబళ్ళ దొంతర. ఉన్నిటోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ లోతైన పాత్రలోంచి గరిటెతో పొగలు కక్కే సూపు పోసి ఇస్తోంది. ఎవరి పేరూ అడగడం లేదు. నేను అటు చూస్తూ నిలబడ్డాను. ఏ దేశం చలికైనా నా స్వెట్టరు చాలదని ఆమెకు తోచిందేమో, ఒక కప్పు నా చేతికీ ఇచ్చింది. తరువాత తలెత్తకుండా వెనకవాడికి పోసింది.

ఆ కప్పు పట్టుకొని నేను గుర్తుపట్టాను. తాటాకు లేదు, కుండ లేదు, ఎండ లేదు. అయినా ఇది అదే. ఆ పూట మనిషి ఒంటికి ఏది లేదో దాన్ని అడగకుండా చేతికివ్వడం. ఇది తెలుసుకోవడానికి సముద్రాలు దాటి రావడం సిగ్గుగా అనిపించింది. ఇక్కడిదాకా వచ్చినా మిగతావారికి తెలియకపోవడం అంతకంటే సిగ్గుగా అనిపించింది.

“దొరికిందయ్యా,” అన్నారు సాంబిరెడ్డి గారు, ఫోను తీస్తూ. “చలి కేంద్రమంటే ఇదే.”

తిరిగి వచ్చాక నివేదికలో నాకు తోచినదే రాశాను. సున్నంపాడులో దీనికి సమానమైనది కుండనీళ్ళ పందిరి అని, వెంటనే అనుమతించాలని. కమిషనరు గారు చదివి, “భావం బాగుంది. అమలుకు వీలైన అంశమేమిటి?” అని అడిగి, ఆ పేరా కొట్టివేసి, అంచున స్వదస్తూరీతో మూడు మాటలు రాశారు: సూపు, కంబళి, పొయ్యి.

“సర్, మన ఊళ్ళో—”

“చూసి వచ్చినదాన్ని అమలు చేయకపోతే చూడటం వృథా అయినట్టు. చూడనిదాన్ని అమలు చేస్తే నియమం ఉల్లంఘించినట్టు. మీరు తత్త్వం చదివినవారు. ఈ రెండింటి మధ్య మూడో దారి ఉంటే చెప్పండి.”

ఉన్నదని నాకు తెలుసు. ఆ కుర్చీకి కనిపించే మూడో దారి మాత్రం నాకు దొరకలేదు.

టెండర్లు, వాటిమీద తగాదాలు, గాజు పలకల రవాణా పూర్తయ్యేసరికి మళ్ళీ మే నెల వచ్చింది. బస్టాండులో, నీళ్ళు రాని కుళాయి పక్కన, గాలి చొరబడని గాజు గది లేచింది. గాలి చొరబడకపోవడం అందులోని విశిష్టతగా శిలాఫలకం మీద చెక్కించారు. ప్రారంభోత్సవానికి కమిషనరు గారు బుడాపెస్టులో కొన్న ఓవర్‌కోటు వేసుకొచ్చారు. లోపల జొన్న సూపు కాగుతోంది. రిబ్బను పట్టుకోవడానికి సైదాబీని పిలిపించాము. అసలు అర్జీదారు ఆమే కదా.

గదిని వెచ్చబెట్టే ఇనప పొయ్యిలు అప్పుడే లారీలో వచ్చాయి. వాటిని బస్టాండు హమాలీలే దించారు. ఖాసిం కూడా. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. చివరి పొయ్యి భుజం మీద పెట్టుకొని గాజు గది గుమ్మం దాకా వచ్చి, ఏదో మర్చిపోయినవాడిలా ఆగి, మోకాళ్ళ మీద కూలి పక్కకు ఒరిగిపోయాడు.

సైదాబీ రిబ్బను వదిలేసి పరుగెత్తింది. “నీళ్ళు,” అంది. అరవలేదు. చుట్టూ ఉన్న పెద్దమనుషుల వైపు ఒక్కొక్కరినే చూస్తూ, “నీళ్ళు,” అంది.

ఎవరో సూపు తెచ్చారు. అందులోంచి పొగలు వస్తున్నాయి. కమిషనరు గారు సమయస్ఫూర్తి గలవారు. కంబళి ఒకటి అందుకొని ఖాసిం మీద కప్పారు. కెమెరాలు క్లిక్కుమన్నాయి. సైదాబీ కంబళి లాగి అవతల పారేసింది. వెనకనున్న ఫొటోగ్రాఫరు, “అమ్మా, ఒక్క నిమిషం, ఇంకోసారి కప్పనివ్వండి,” అన్నాడు. ఇంకోసారి కప్పారు.

అప్పుడు మాచర్ల బస్సు డ్రైవరు ఇంజనులో పోసే నీళ్ళ డబ్బా పట్టుకొని జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. “తప్పుకోండయ్యా, మీ సన్మానాలు తగలెయ్య.” డబ్బా మూత తీసి ఖాసిం తలమీద, ఛాతీమీద కుమ్మరించాడు. ఇంజనుకు దాహం వేస్తుందని మనవారు ఎప్పుడో గుర్తించి, ప్రతి బస్సులోనూ నీళ్ళు ఉంచుతారు.

ప్రాణం దక్కింది. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇక బరువులు మోయవద్దని డాక్టర్లు చెప్పారు.

కంబళి కప్పుతున్న చిత్రం వార్షిక నివేదిక అట్టమీద వచ్చింది: ‘తొలి లబ్ధిదారు’. చలి కేంద్రానికి ఉత్తమ ఆచరణ పురస్కారం ప్రకటించారు. ఫలితాలను ఒక్క వాక్యంలో చెప్పమని పై అధికారులు కోరితే ఆ వాక్యం నేనే రాశాను, దాన్నీ అట్టమీది చిత్రం కింద వేశారు. నాకు అటువంటివి చేతనవునని అందరికీ తెలుసు.

జూన్ మొదట్లో, ఎండలు ఇంకా తగ్గకముందే, సైదాబీ కార్యాలయానికి వచ్చింది. కంబళి ఉతికి, మడతపెట్టి తెచ్చింది. నా బల్ల మీద పెట్టింది.

“మీది సారూ. ఆసుపత్రోళ్ళు వాడి సామాన్లతో పాటు ఇచ్చారు.”

బల్లమీద నివేదిక ఉంది. అట్టమీది కొడుకును ఆమె గుర్తుపట్టింది. వేలు పెట్టి, “కింద ఏం రాశారు?” అని అడిగింది.

చదివాను. “ఈ వేసవిలో సున్నంపాడులో చలి వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు.”

ఆమె అట్టమీదినుంచి వేలు తీసింది.

“నిజమే రాశారు,” అంది.

ఎన్నో పుస్తకాలు చదివాను. సత్యాన్ని గురించి ఇంత తక్కువ మాటల్లో నన్ను ఎవరూ ఇంత హీనపరచలేదు.

ఆమె బయటికి వెళ్ళింది. వరండాలో తన కుండలు కనిపించాయి. ఏడాదికి పైగా అక్కడే ఉన్నాయి. అడుగున నాచు పట్టింది. అర్జీలు పట్టుకొని గోడ పొడుగునా జనం నిలబడి ఉన్నారు. సైదాబీ మూత తీసి, లోపలికి చూసి, నీళ్ళు ముంచుకొని తాగింది. గ్లాసు బోర్లించబోయి ఆగింది. మళ్ళీ ముంచి, వెనకనున్న ముసలాయనకు ఇచ్చింది. ఆయన తాగాడు. ఆ పక్కనున్న చంటిబిడ్డ తల్లికి ఇచ్చింది. కొంగు నడుముకు దోపుకుంది. వరస తనంతట తానే కుండల వైపు తిరిగింది.

కమిషనరు గారి గంట మోగింది. నేను లోపలికి వెళ్ళాను. ఆయన కిటికీలోంచి చూస్తున్నారు.

“బయట ఆమె ఏం చేస్తోంది?”

“నీళ్ళు పోస్తోంది సర్.”

“మన వరండాలో, మన స్వాధీనంలో ఉన్న కుండలతో.” ఆయన తనలో తాను నియమాలు తిరగేసుకుంటున్నారు. ఏదీ తగిలినట్టు లేదు. కలం తెరిచారు. “నమోదు చేయాలి కదా. దాన్ని ఏమంటారు?”

ఆ మాట నా నాలుక చివరనే ఉంది. చిన్నప్పటినుంచి తెలిసిన మాట. కలం కాగితం మీద ఆగి ఎదురుచూస్తోంది. బయట గ్లాసు కుండకు తగిలి మోగింది.

“దానికి పేరేమీ లేదు సర్,” అన్నాను.